సంఘం ఆస్తి ఎవరిది, సంఘం అప్పు ఎవరిది?

మీరు అడిగినది ముందు ఒకసారి క్లుప్తంగా చెప్తాను, చదివేవాళ్లకు వీలుగా ఉంటుంది. మీ కాలనీ సంక్షేమ సంఘం సొసైటీగా రిజిస్టరై ఉంది. అందరూ చందాలు వేసుకుని కమ్యూనిటీ హాలు కోసం కొన్న స్థలం దస్తావేజు అప్పటి అధ్యక్షుడి పేరు మీద ఉంది. ఆయన పోయారు. పిల్లలు అమెరికాలో ఉన్నారు, స్థలం మా నాన్నగారిదే అంటున్నారు. ఇంకోవైపు కాలనీలో బోరు వేసినాయన డబ్బు రాలేదని ఇప్పటి కార్యదర్శికి లాయర్ నోటీసు పంపించాడు. "సంఘం అంటే మేమే కదా, మా డబ్బుతో కొన్నది మాది కాకుండా ఎలా పోతుంది? కాగితం మీద పుట్టిన సంఘాన్ని చట్టం ఒక మనిషి అనడం ఏమిటి? అలాంటప్పుడు నోటీసు ఆ మనిషికి కాకుండా మా కార్యదర్శికి ఎందుకొచ్చింది?" ఇదీ మీ ప్రశ్న.

నేను సివిల్ కేసులు చూసే లాయర్ని. సొసైటీల గొడవలు, దేవుడి మాన్యాల కేసులు నా పనిలో ఎక్కువ భాగం. మీ టెన్షన్ నాకు అర్థమైంది కాబట్టి ఫలితం ముందే చెప్తాను. స్థలం మీద సంఘానికి హక్కు ఉంది, కానీ ఆ హక్కును కాగితాలతో నిరూపించుకోవాలి. బోరు పని సంఘం తీర్మానం మీదే చేయించి ఉంటే ఆ బాకీ సంఘానిది, కార్యదర్శి ఇంటి మీదకు రాదు. అయితే "సంఘం అంటే మేమే" అన్న మీ మాట మాత్రం సరికాదు. మీ రెండు చిక్కులూ అక్కడే మొదలయ్యాయి.

చట్టం దృష్టిలో "వ్యక్తి" కావాలంటే రక్తమాంసాలు ఉండాలన్న నియమం లేదు. తన పేరు మీద ఆస్తి ఉండగలదా, తన పేరు మీద ఒప్పందం చేసుకోగలదా, అప్పు పడగలదా, కోర్టులో తన పేరుతో దావా వేయగలదా, తన మీద దావా వేయించుకోగలదా అన్నదే చూస్తారు. ఇవి ఉంటే వ్యక్తే. రక్తమాంసాలున్నా వ్యక్తిగా లెక్కలోకి రాని రోజులూ ఉండేవి. ప్రాచీన రోములో, అంతర్యుద్ధానికి ముందు అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో బానిసను ఆస్తి కింద అమ్మారు, కొన్నారు, తాకట్టు పెట్టారు. ఎవరికి ఆస్తి ఉండవచ్చు, ఎవరు కోర్టుకెక్కవచ్చు అన్నది ఎప్పుడూ చట్టం ఇచ్చే హోదాయే. దాన్ని మనిషికిచ్చారు, ఇవ్వకుండా ఆపారు, మనిషి కానివాటికీ ఇచ్చారు.

ఇది ఇంగ్లీషువాళ్లు తెచ్చిన వింత అనుకోకండి. మన ఊళ్లలో ఎవరినైనా "ఆ పొలం ఎవరిదండీ" అని అడిగితే "రాములవారిది" అనో "చెన్నకేశవస్వామిది" అనో తడుముకోకుండా చెప్తారు. పూజారిది అనరు, ధర్మకర్తది అనరు. తిరుమల సంగతే చూడండి. నవాబుల తర్వాత ఈస్టిండియా కంపెనీ ఆలయ వ్యవహారాలు చూసింది. 1843లో ఆ బాధ్యత హథీరాంజీ మఠం మహంతులకు వెళ్లింది. 1932 చట్టం తర్వాత 1933 నుంచి తిరుమల తిరుపతి దేవస్థానం కమిటీ చేతికి వచ్చింది. నిర్వాహకులు మూడుసార్లు మారారు. హుండీలో వేసే ప్రతి రూపాయీ మాత్రం భక్తుల లెక్కలో స్వామిదే. యజమాని వేరు, యజమాని తరఫున చేతులు కదిపేవాడు వేరు అన్న తేడా మనవాళ్లకు పుట్టుకతో తెలుసు. అదే తేడాను కాలనీ సంఘం దగ్గరికి వచ్చేసరికి మర్చిపోతాం.

కోర్టులు కూడా దీన్ని ఊరికే నమ్మకంగా వదిలేయలేదు. 1925లో కలకత్తాకు చెందిన మల్లిక్ కుటుంబం కేసులో, వంశపారంపర్యంగా వచ్చిన దేవతామూర్తిని ఎక్కడ ఉంచాలన్న తగాదా ఆనాడు మనకు ఆఖరి అప్పీలు కోర్టైన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. విగ్రహం కేవలం వస్తువు కాదని, చట్టం గుర్తించే వ్యక్తి అని, దాని తరఫు ప్రయోజనాలు విడిగా వినాలని ఆ న్యాయమూర్తులు చెప్పారు. దేవుడు తనంతట తాను వకాల్తా మీద సంతకం పెట్టలేడు కనుక చట్టం ఆయన్ని మైనరుతో సమానంగా చూస్తుంది. మైనరు ఆస్తిని సంరక్షకుడు చూసినట్టు ధర్మకర్త చూడాలి. ఆ ధర్మకర్తే ఆస్తిని అమ్ముకుంటుంటే భక్తుడు కూడా దేవుడి తరఫున దావా వేయవచ్చని 1967లో సుప్రీంకోర్టు తేల్చింది. 1969లో మరో కేసులో దేవుడి ఆదాయం మీద పన్ను కూడా వేయవచ్చంది. హక్కులున్నచోట బాధ్యతలు కూడా ఉంటాయి కదా.

మీకు బాగా పనికొచ్చే తీర్పు 2021 సెప్టెంబరులో వచ్చింది. మధ్యప్రదేశ్‌లో దేవుడి భూముల రికార్డుల్లో పూజారుల పేర్లు ఉంచాలా అక్కర్లేదా అన్న వివాదం అది. యజమాని గడిలో దేవుడి పేరే ఉండాలి, పూజారి ఆస్తిని చూసుకునేవాడే తప్ప హక్కుదారు కాడు అని సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ తీర్పు చదివినప్పుడు నాకు మన జిల్లాల్లోని ఎన్నో అడంగళ్లు, అంటే ఊరి భూముల రికార్డులు, గుర్తొచ్చాయి. ఒక తరంలో "ఫలానా స్వామివారు, అర్చకులు ఫలానా" అని ఉంటుంది. రెండో తరంలో "అర్చకులు" అన్న మాట ఎగిరిపోతుంది. మూడో తరానికి స్వామివారు కూడా ఎగిరిపోయి అర్చకుడి మనవడు ఒక్కడే మిగులుతాడు. ఆ మనవడు దొంగ అయి ఉండనక్కర్లేదు. ఎవరో గుమస్తా పేరు కుదించి రాశాడు, ఎవరూ చూసుకోలేదు. మీ హాలు స్థలానికి జరిగింది కూడా ఇలాంటిదే అనుకుంటున్నాను.

అన్నిటికీ ఈ హోదా ఇచ్చుకుంటూ పోవడం కూడా కుదరదు. 2017 మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునలను జీవమున్న చట్టబద్ధ వ్యక్తులుగా ప్రకటించింది. వరదలో ఇల్లు కొట్టుకుపోతే నది మీద దావా వేయాలా, నది తరఫున పరిహారం ఎవరు కట్టాలి అని రాష్ట్ర ప్రభుత్వమే కంగారుపడి పైకి వెళ్లింది. అదే ఏడాది జులైలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2019 అయోధ్య తీర్పులో రామ్‌లల్లా విరాజ్‌మాన్‌ను, అంటే అక్కడ కొలువైన బాలరాముణ్ని, వ్యక్తిగా గుర్తించారు గాని, జన్మస్థానమైన నేలనే వ్యక్తిగా చూడాలన్న వాదనను ఒప్పుకోలేదు. ఈ హోదా ఇస్తే ఏ పని నెరవేరుతుంది, ఎవరి హక్కులు తగ్గిపోతాయి అని కోర్టు లెక్క చూసుకుంటుంది. భక్తితోనో ఆవేశంతోనో ఇచ్చేది కాదు ఇది.

ఇక కంపెనీల సంగతి. లండన్‌లో ఆరన్ సాలమన్ అనే తోలు బూట్ల వ్యాపారి ఉండేవాడు. 1892లో తన వ్యాపారాన్ని కంపెనీగా మార్చాడు. మొత్తం 20,007 వాటాల్లో 20,001 తనవే. మిగతా ఆరూ భార్యాపిల్లల పేరు మీద ఒక్కొక్కటి. వ్యాపారం అమ్మినందుకు కంపెనీ ఆయనకు ఇవ్వాల్సిన సొమ్ములో 10,000 పౌండ్లను కంపెనీ ఆస్తుల మీద హామీ ఉన్న బాకీగా రాయించుకున్నాడు. కొద్దికాలానికే కంపెనీ మునిగింది. సరుకిచ్చినవాళ్లు "కంపెనీ అంటే సాలమనే కదా, ఆయన ఇంటి నుంచి మా బాకీ ఇప్పించండి" అన్నారు. కింది కోర్టులు సరేనన్నాయి. 1896లో, అప్పట్లో బ్రిటన్‌కు అత్యున్నత కోర్టైన హౌస్ ఆఫ్ లార్డ్స్ మాత్రం కాదంది. చట్టప్రకారం రిజిస్టరైన కంపెనీ సాలమన్ నుంచి వేరైన వ్యక్తి, దాని అప్పులు దానివే అని తీర్పు చెప్పింది. ఇవాళ్టికీ ఎన్నో దేశాల కంపెనీ చట్టాలకు ఆ తీర్పు పునాది లాంటిది.

కంపెనీకీ యజమానికీ మధ్య ఉన్న ఈ గోడ యజమానికి కూడా అడ్డం వస్తుంది. చాలామంది ఈ రెండో వైపు చూడరు. ఐర్లండ్‌లో మకౌరా అనే భూస్వామి తన ఎస్టేటులోని కలపనంతా తన కంపెనీకే అమ్మేశాడు, వాటాలన్నీ ఆయనవే. కలప మీద బీమా పాలసీ మాత్రం తన సొంత పేరు మీద తీసుకున్నాడు. కలప తగలబడింది. "కలప కంపెనీది, పాలసీ నీది, కాలిపోయిన దానిలో నీకు బీమా చేయదగ్గ హక్కు లేదు" అని 1925లో హౌస్ ఆఫ్ లార్డ్స్ చెప్పింది. ఆయనకు పైసా రాలేదు. మన సుప్రీంకోర్టు కూడా 1954లో బాచా గజ్దర్ కేసులో ఇదే దారిలో నడిచింది. తేయాకు కంపెనీల్లో వాటాలున్న ఆవిడ, తోటల ఆదాయంలో వ్యవసాయ భాగానికి పన్ను లేదు కాబట్టి తన డివిడెండుకూ ఆ మినహాయింపు కావాలన్నారు. తోట కంపెనీది, వాటాదారుకు ఆ తోటలో ఒక్క మొక్క మీద కూడా హక్కు లేదు, వచ్చేది లాభంలో వాటా మాత్రమే అని కోర్టు చెప్పింది.

ఇక్కడ ఆగి మీ మాటను మళ్లీ చూడండి. "మా చందాలతో కొన్నారు కాబట్టి స్థలం మాది." కాదు. చందా ఇచ్చిన క్షణం నుంచి ఆ డబ్బు సంఘానిది. దానితో కొన్న స్థలం సంఘానిది. రేపు మీరు ఇల్లు అమ్మి వేరే చోటికి వెళ్లినా ఆ హాలులో మీ గజాలు కోసివ్వమని అడగలేరు. అధ్యక్షుడి పిల్లల వాదనను కొట్టేయడానికి మీకు పనికొచ్చే సూత్రం కూడా సరిగ్గా ఇదే. సభ్యులది కానప్పుడు, సభ్యుల్లో ఒకడైన అధ్యక్షుడిది అంతకన్నా కాదు.

తెలుగు నేలకు సంబంధించిన పెద్ద కేసు ఒకటి ఉంది, లా కాలేజీల్లో తప్పకుండా చెప్తారు. కేంద్ర ప్రభుత్వ కంపెనీ అయిన స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్‌ను విశాఖపట్నం కమర్షియల్ టాక్స్ ఆఫీసరు అమ్మకపు పన్ను కట్టమన్నారు. కార్పొరేషన్ రాజ్యాంగంలోని 19వ అధికరణం కింద ప్రాథమిక హక్కు ఉందంటూ నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లింది. 19వ అధికరణం పౌరులకు ఇచ్చిన హక్కు. 14వ అధికరణం "ఏ వ్యక్తికైనా" అంటుంది. 1963లో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీతో ఏం చెప్పిందంటే, కార్పొరేషన్ వ్యక్తే గాని పౌరుడు కాదు, దాని వెనకున్న వాటాదారులు పౌరులైనా సరే ఆ హోదా దానికి రాదు. చట్టబద్ధ వ్యక్తి అంటే మనిషికున్నవన్నీ దానికి ఉంటాయని కాదు. పని జరగడానికి ఎంత అవసరమో అంతే ఇస్తారు.

మరి తప్పు చేస్తే? జైల్లో పెట్టడానికి కంపెనీకి ఒళ్లు లేదు కదా అన్న వాదన చాలాకాలం నడిచింది. జైలు శిక్ష తప్పనిసరి అయిన నేరంలో కంపెనీ మీద అసలు కేసే పెట్టలేరన్నారు. 2005లో స్టాండర్డ్ చార్టర్డ్ బ్యాంకు కేసులో సుప్రీంకోర్టులోని అయిదుగురు న్యాయమూర్తుల్లో ముగ్గురు ఆ వాదనను తోసిపుచ్చారు. కేసు పెట్టవచ్చు, జరిమానా వేయవచ్చు అన్నారు. అలాగని కంపెనీ తప్పు చేసిందంటే పైనున్న డైరెక్టర్లంతా దానంతట అదే ముద్దాయిలైపోరు. వాళ్ల పాత్ర ఏమిటో చూపించాలి, లేదా ఆ చట్టంలోనే వాళ్లను బాధ్యుల్ని చేసే సెక్షన్ ఉండాలి అని 2015లో సునీల్ భారతి మిట్టల్ కేసులో చెప్పారు.

హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం కంప్యూటర్స్ కుంభకోణం మన కళ్లముందే జరిగింది. 2009 జనవరి 7న దాని స్థాపకుడు రామలింగరాజు లేఖ బయటపడింది. లెక్కల్లో చూపించిన నగదులో 5,040 కోట్లు అసలు లేవని ఆయనే రాశారు. ఆ వారం హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఉన్న ఇల్లేదీ నిద్రపోలేదు. అయితే రాజు, సత్యం ఒకటే అయి ఉంటే ఆయన జైలుకు వెళ్లిన రోజునే కంపెనీ మూతపడాలి. పడలేదు. ప్రభుత్వం పాత బోర్డును తీసేసి కొత్త డైరెక్టర్లను వేసింది. క్లయింట్లతో ఒప్పందాలు కంపెనీ పేరుతో ఉన్నాయి కాబట్టి అవి నిలిచాయి. ఉద్యోగుల నియామక పత్రాలు కంపెనీ ఇచ్చినవి కాబట్టి అవీ నిలిచాయి. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా వచ్చి తీసుకుంది, 2013లో విలీనమైంది. స్థాపకుడికీ సంస్థకూ మధ్య చట్టం గీసిన ఆ గీతే వేలమంది జీతాలను కాపాడింది. వేరు వ్యక్తి అన్న ఆలోచన దొంగలకు దాక్కునే చోటు మాత్రమే అనేవాళ్లకు నేను ఎప్పుడూ ఈ ఉదాహరణే చెప్తాను. దాక్కోవడానికి వాడేవాళ్లు ఉన్నారు, నిజమే. మోసం తేలితే కోర్టు ఆ తెర తీసి వెనకున్న మనిషిని పట్టుకుంటుంది. బ్యాంకులైతే కోర్టు దాకా ఆగకుండా అప్పిచ్చేటప్పుడే డైరెక్టరు చేత వ్యక్తిగత హామీ రాయించుకుంటాయి.

మీ విషయానికి వస్తే, మొదట తేల్చుకోవాల్సింది మీ సంఘం ఏ రకందన్నది. మన దగ్గర చాలామంది "పాన్ కార్డు ఉంది, బ్యాంకు ఖాతా ఉంది, కాబట్టి చట్టబద్ధ వ్యక్తే" అనుకుంటారు. అది తప్పు. పన్ను వేయడానికి ఆదాయపు పన్ను శాఖ ఎవరినైనా వ్యక్తి అంటుంది, ఉమ్మడి కుటుంబాన్ని, భాగస్వామ్య సంస్థను, నలుగురు కలిసిన గుంపును కూడా. పాన్ నంబరులో నాలుగో అక్షరం చూడండి. మనిషికైతే పి, కంపెనీకి సి, ఫర్మ్‌కు ఎఫ్, హిందూ ఉమ్మడి కుటుంబానికి హెచ్, ట్రస్టుకు టి, వ్యక్తుల సంఘానికి ఎ ఉంటుంది. అది పన్ను కోసం వేసిన ముద్ర. తన పేరు మీద స్థలం కొనే శక్తి ఉందా లేదా అన్నది అక్కడ తేలదు.

అది తేలేది ఏ చట్టం కింద పుట్టిందో చూస్తేనే. కంపెనీ, ఎల్ఎల్‌పీ (భాగస్వాముల బాధ్యతకు పరిమితి ఉన్న భాగస్వామ్యం), సహకార సంఘం అయితే అనుమానమే లేదు, వేరు వ్యక్తులు. మామూలు భాగస్వామ్య ఫర్మ్ వేరు వ్యక్తి కాదు, ఫర్మ్ పేరు భాగస్వాములందరికీ కలిపి పెట్టిన పిలుపు మాత్రమే, అప్పు ప్రతి భాగస్వామి ఇంటి దాకా వస్తుంది. ట్రస్టు కూడా వ్యక్తి కాదు, ఇది వినగానే చాలామంది ఆశ్చర్యపోతారు. ట్రస్టు ఆస్తి ట్రస్టీల పేరు మీద, ట్రస్టు ఆశయం కోసం ఉంటుంది, దావా వేయాల్సింది ట్రస్టీలు. బ్యాంకు మీద ఫిర్యాదు పట్టుకుని వినియోగదారుల కమిషన్‌కు వెళ్లిన ఒక ట్రస్టును, ఆనాటి వినియోగదారుల చట్టం ప్రకారం నువ్వు "వ్యక్తి"వే కాదని 2017లో సుప్రీంకోర్టు వెనక్కి పంపింది. వినాయక చవితి పందిరి వేసే యూత్ లాంటి రిజిస్టరు కాని సంఘాలకైతే ఏ హోదా లేదు. షామియానా బిల్లు ఎవరు ఆర్డరిచ్చారో వాళ్ల నెత్తినే పడుతుంది.

సొసైటీల పరిస్థితి కొంచెం విచిత్రం. 1860 నాటి పాత చట్టం సొసైటీకి పూర్తి హోదా ఇవ్వలేదు, ఆస్తి పాలకవర్గంలో ఉన్నట్టు భావించాలంది. ఆ పాత పద్ధతి సొసైటీలు కార్పొరేషన్లు కావని 1961లో ఢిల్లీ టిబ్బియా కాలేజీ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మనకు మాత్రం 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కొత్త చట్టం తెచ్చింది, తెలంగాణలోనూ అదే నడుస్తోంది. దాని ప్రకారం రిజిస్టరైన సొసైటీ తన పేరుతోనే నిలిచే వ్యక్తి. మనుషులు మారినా అది కొనసాగుతుంది. తన పేరు మీద ఆస్తి కొనవచ్చు, అమ్మవచ్చు, దావా వేయవచ్చు. అంటే మీ సంఘానికి చట్టం అన్నీ ఇచ్చింది. ఆ ఇచ్చినదాన్ని కొనేరోజున మీవాళ్లు వాడుకోలేదు.

దస్తావేజు మొదటి పేజీలో కొనుగోలుదారు అన్నచోట ఏముందో చూడండి. మీరు రాసినదాన్ని బట్టి ఇలా ఉండి ఉంటుంది: "శ్రీ ఫలానా, తండ్రి ఫలానా, ఫలానా కాలనీ సంక్షేమ సంఘం అధ్యక్షులు." ఇందులో కొన్నవాడు ఫలానా. అధ్యక్షులు అన్నది ఆయన ఎవరో గుర్తుపట్టడానికి రాసిన వివరం, పక్కన వయసు, వృత్తి రాసినట్టే. ఉండాల్సింది ఇలా: "ఫలానా కాలనీ సంక్షేమ సంఘం, రిజిస్టర్ నంబరు ఫలానా, ఆఫీసు ఫలానా చోట, దీని తరఫున ఫలానా తేదీ తీర్మానం ద్వారా అధికారం పొందిన అధ్యక్షులు శ్రీ ఫలానా." ఇందులో కొన్నది సంఘం, మనిషి సంతకం పెట్టాడంతే. రెండు వాక్యాల్లోనూ పేర్లు అవే, క్రమం ఒక్కటే మారింది. దస్తావేజు రాసేవాళ్లు తొందరలో మొదటి పద్ధతిలో రాసేస్తుంటారు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దాన్ని పట్టించుకోరు. ఇరవై ఏళ్ల తర్వాత పిల్లలు ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు చూపే పత్రం) తీయించి చూస్తే తండ్రి పేరే కనిపిస్తుంది. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు.

"వేరేవాళ్ల డబ్బుతో ఒకరి పేరు మీద కొంటే బినామీ కాదా, మన దావా చెల్లదు కదా" అని మీకు ఎవరో చెప్పారన్నారు. బినామీ చట్టంలో దీనికి మినహాయింపు ఉంది. ధర్మకర్త హోదాలో, ఇతరుల నమ్మకం మీద, వాళ్ల మేలు కోసం పేరు పెట్టుకున్నవాడి లావాదేవీ బినామీ కిందికి రాదు. పదవిలో ఉన్న అధ్యక్షుడు అలా నమ్మకంతో వ్యవహరించినవాడే అని మీరు వాదించవచ్చు. ట్రస్టుల చట్టం 88వ సెక్షన్ కూడా మీకు అండగా నిలుస్తుంది. నమ్మకపు స్థానంలో ఉన్నవాడు ఆ స్థానం వల్ల పొందిన లాభాన్ని ఎవరి తరఫున ఉన్నాడో వాళ్ల కోసమే పట్టుకుని ఉండాలని అది చెప్తుంది. కాకపోతే నిరూపించే భారం మీదే. స్థలం కొనాలని చేసిన తీర్మానం ఉన్న మినిట్స్ పుస్తకం, సంఘం ఖాతా నుంచి డబ్బు వెళ్లినట్టు బ్యాంకు స్టేట్‌మెంటు, చందా రసీదుల కౌంటర్‌ఫాయిళ్లు, ఆడిట్ లెక్కల్లో ఆ స్థలం సంఘం ఆస్తిగా చూపించిన కాగితం, ఇన్నేళ్లూ పన్ను సంఘమే కట్టిన రసీదులు వెతకండి. ఇందులో బ్యాంకు స్టేట్‌మెంటు ఒక్కటి దొరికినా నేను ధైర్యంగా కేసు పట్టుకుంటాను. పాత స్టేట్‌మెంట్లు బ్యాంకులు కలకాలం దాచవు, అందుకే ఈ వారమే అడగండి.

ముందుగా పిల్లలతో మాట్లాడండి. వాళ్ల నాన్నగారిని దొంగను చేస్తున్నట్టుగా వెళ్లకండి. ఆయన ఆ హాలు కోసం తిరిగిన మనిషి, అది నిజం కూడా. చాలా కేసుల్లో వారసులకు అసలు విషయమే తెలియదు. తీర్మానం కాపీ, బ్యాంకు కాగితం చూపిస్తే సంతకం పెట్టినవాళ్లను నేను చూశాను. అమెరికాలో ఉన్నా ఇబ్బంది లేదు. అక్కడి భారత కాన్సులేట్‌లో జీపీఏ (తమ తరఫున సంతకం పెట్టే అధికారం ఇచ్చే పత్రం) అటెస్ట్ చేయించి ఇక్కడ నమ్మకస్తులకు పంపితే వాళ్ల తరఫున సంఘం పేరుకు దస్తావేజు రాయించవచ్చు. ఆ కాగితం ఇండియా చేరిన మూడు నెలల్లోగా దానికి స్టాంపు వేయించుకోవాలి. ఒప్పుకోకపోతే సంఘం పేరుతో, సంఘమే వాదిగా, హక్కు ప్రకటన దావా, అంటే ఆస్తి సంఘానిదేనని కోర్టు ప్రకటించాలని కోరే దావా, వేయాలి. హక్కు ప్రకటనకు మూడేళ్ల గడువు ఉంది, హక్కు లేదని వాళ్లు మొదటిసారి స్పష్టంగా కాదన్న రోజు నుంచి అది లెక్కకు వస్తుందన్న వాదన వస్తుంది. కాబట్టి వాళ్లు పంపిన మొదటి మెసేజ్ తేదీ రాసి పెట్టుకోండి, దాన్ని డిలీట్ చేయకండి.

ఇక బోరు బాకీ. కాంట్రాక్టు చట్టం 230వ సెక్షన్ ప్రకారం, ఒకరి తరఫున ఒప్పందం చేసిన ఏజెంటు మామూలుగా సొంతంగా బాధ్యుడు కాడు. బోరువాళ్లకిచ్చిన ఆర్డరు సంఘం లెటర్‌హెడ్ మీద ఉందా, కార్యవర్గం తీర్మానం ఉందా చూడండి. ఉంటే బాకీ సంఘానిది. తీర్మానం లేకుండా కార్యదర్శి ఫోన్లో "వేసేయండి, నేను చూసుకుంటా" అని ఉంటే మాత్రం చిక్కే. ఆ "నేను" ఎవరన్నది కోర్టులో పెద్ద ప్రశ్న అవుతుంది, లేని అధికారం ఉన్నట్టు చెప్పినవాడు పరిహారం కట్టాల్సి వస్తుంది. అలాంటప్పుడు పని నిజంగా కాలనీకే జరిగింది కనుక కార్యవర్గం, లేదా సర్వసభ్య సమావేశం, ఆ ఖర్చును ఇప్పుడు తీర్మానం చేసి ఆమోదించవచ్చు. కార్యదర్శి కాలనీ అందరికీ నీళ్లు తెచ్చినందుకు ఆయన ఒక్కడే కట్టుకోవాలనడం న్యాయం కాదు. దయచేసి ఆయన్ని ఒంటరిగా వదలకండి. పద్ధతి తెలియక ఇరుక్కున్న కార్యదర్శులు ఒకసారి దెబ్బతింటే కాలనీలో తర్వాత ఎవరూ ఆ పదవికి ముందుకు రారు.

నోటీసుకు జవాబు సంఘం పేరుతో వెళ్లాలి. ఎంత పని జరిగింది, ఎంత ఇచ్చారు, ఎంత మిగిలిందన్నది లెక్కతో రాయండి. నిజంగా బాకీ ఉంటే ఉందని ఒప్పుకుని వాయిదాలు అడగండి. ఒక్క సంగతి మాత్రం ఇవాళే చూడాలి: అది మామూలు బాకీ నోటీసా, చెక్కు బౌన్సు నోటీసా? బౌన్సు నోటీసైతే అందిన రోజు నుంచి 15 రోజుల్లో డబ్బు కట్టాలి. కట్టకపోతే ఖాతా సంఘానిదైనా సరే, సంఘంతో పాటు చెక్కు మీద సంతకం పెట్టినవాళ్ల మీద, అప్పట్లో వ్యవహారాలు చూస్తున్నవాళ్ల మీద క్రిమినల్ కేసు వస్తుంది. నోటీసు కవరు పారేయకండి. దాని మీద పోస్టాఫీసు ముద్రలో ఉన్న తేదీ మీకు అవసరం పడుతుంది.